ముందు ఎడమ చక్రం

అతన్ని అందరూ రేడియో అనేవారు. ఆ పేరు పెట్టింది అతని బండెక్కినవాళ్లే. తలుపు వేసుకున్న క్షణం నుంచి మళ్లీ దిగి తలుపు వేసేదాకా అతని నోటికి మూత ఉండేది కాదు. కొండదారిలో మలుపుకో కథ, కల్వర్టుకో వేళాకోళం. వెనక సీట్లలో అందరూ తూగుతున్నా ఫరవాలేదు, ఒక్కరు ఊ కొడితే చాలు. ఆ ఒక్కరూ కొట్టకపోతే ఇంజను కొడుతోందిలే అనుకుని చెప్పుకుపోయేవాడు.

అందులో సగం కబుర్లయితే సగం వృత్తిధర్మం. "ఎక్కడం ఇంజను పని, దిగడమే డ్రైవరు పని" అనేవాడు. కొండ దిగాక టీకొట్టు దగ్గర కొత్త డ్రైవర్లు పొగలు కక్కే చక్రాల మీద బకెట్లతో నీళ్లు కుమ్మరిస్తుంటే అతనికి ఒళ్లు మండేది. "ఒరేయ్, బ్రేకు డిస్కు వంకరపోతుందిరా! వేడి చక్రం మీద నీళ్లు పోసేవాడు డ్రైవరు కాడు, వంటవాడు. తాలింపు పెడుతున్నావేంట్రా?" అని కిటికీలోంచి అరిస్తే గానీ కడుపు చల్లబడేది కాదు. పక్కసీట్లో కూర్చున్న కూతురు ఇలాంటివన్నీ మేఘాలు చూస్తూ ఊ కొట్టి పెరిగింది. విన్నదో లేదో ఆమెకే తెలియదు. చిన్నప్పుడు కొట్టిన ఊలు ఎక్కడికి పోతాయో ఎవరు చెప్పగలరు? కొన్ని గాలికి పోతాయి. కొన్ని అడుగున మడ్డిలా పేరుకుని, కదిపినప్పుడు పైకి వస్తాయి.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున పళ్లు తోముకుంటూ రేడియో కుడిపక్కకి ఒరిగిపోయాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ పడిపోయి ఉన్నాయి. మిగిలినవి ఎడమచెయ్యి, ఒక ఊ. ఎదుటివాళ్లు మాట ఆపితే చాలు, గొంతులోంచి అదంతట అదే వచ్చేసేది. అవునన్నా ఊ, కాదన్నా ఊ. ఊహూఁ అనాలంటే ఊపిరిని మధ్యలో తుంచాలి. ఆ తుంచడం అతనికి చేతకావడం లేదు. ఎడమచేత్తో రాయబోతే అక్షరాలు కుదరడం లేదు. లోపల మాత్రం అన్నీ ఉన్నాయి, కథలు, సామెతలు, మలుపులు, తిట్లు. రేడియో లోపల పాట ఆగలేదు, స్పీకరు తీగ తెగిందంతే.

స్టీరింగు కూతురి చేతికొచ్చింది. బండి పాతది, భారీ ఎస్‌యూవీ, తలుపులు వేస్తే ఇనపపెట్టె మూసినట్టుండేది. కొండమీది బడికి వెళ్లే టీచర్లని పొద్దున ఎక్కించుకుపోయి సాయంత్రం దింపడం ఆమె పని. సాయంత్రాలు కొండమీద వాన. రోజూ ఆ వేళకి రేడియో వరండాలో కుర్చీ వేయించుకుని గేటువైపు చెవి పెట్టుకుని కూర్చునేవాడు. కొన్నాళ్లుగా బండి గేటు దగ్గర ఆగేటప్పుడు ఎలుకపిల్ల అరిచినట్టు కీచుమనేది. బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయి, మార్చమని అది మొర. ఇంట్లో వాళ్లకి ఆ మొర అర్థం కావడానికి పక్షం పట్టింది. అన్నాళ్లూ అతను ప్రతి కీచుకీ ఊ అంటూనే ఉన్నాడు.

చివరికి ఒక ఆదివారం బావమరిది వచ్చి పని నెత్తిమీద వేసుకున్నాడు. మంచివాడు, చేతిలో పని లేకుండా నిలబడలేనివాడు, ఎదుటివాళ్ల మాట తనే పూర్తిచేసే రకం. మెకానిక్కుని వెంటబెట్టుకుని, రెండు రకాల ప్యాడ్ల డబ్బాలు పట్టుకుని దిగాడు.

"బావా, నీ బండి, నీ ఇష్టం. ఇవి మెత్తవి. చప్పుడుండదు, డిస్కుని తినవు. ఇవేనా?"

"ఊ."

"చూడు మరి, ఇవి గట్టివి. కాస్త గరగరమంటాయి గానీ కొండ దిగేటప్పుడు వేడికి తట్టుకుంటాయట. ఇవా?"

"ఊ."

"అక్కా, మీ ఆయన రెండూ వేసెయ్యమంటున్నాడే!"

అందరూ నవ్వారు. రేడియో కూడా నోరు ఒకవైపు సాగదీసి నవ్వాడు. తర్వాత ఎడమచేత్తో గట్టివాటి డబ్బా తట్టాడు. కొండదారికి అవే. ఆ మాత్రం చెప్పగలిగినందుకు అతనికి చాలా రోజుల తర్వాత ఛాతీ నిండా గాలి ఆడినట్టయింది.

కుర్చీ తెచ్చి బండి పక్కన, ఎడమ ముందు చక్రానికి బారెడు దూరంలో వేశారు. మెకానిక్కు ముందు కుడిచక్రం విప్పాడు. డిస్కుని రెండువైపులా పట్టుకునే ఇనప పిడికిలిలోంచి అరిగిన ప్యాడ్లు రెండూ తీసి, కొత్తవి పెట్టి బిగించాడు. పాతవి రెండూ సమానంగా, బిస్కట్లలా అరిగాయి. ఆ పక్క బాగానే ఉంది. తర్వాత ఎడమవైపు వచ్చాడు. తీసిన ప్యాడ్లు రేడియో కుర్చీ పక్కనే గోనెపట్టా మీద పడేశాడు.

రేడియో వంగి చూశాడు.

లోపలి ప్యాడు రేకు తేలేదాకా అరిగిపోయింది. బయటిది సగానికి సగం అలాగే ఉంది. దాని అర్థం అతనికి అద్దంలో మొహంలా కనిపించింది. ఆ ఇనప పిడికిలి అటూ ఇటూ జరగడానికి రెండు పిన్నులుంటాయి. అవి తుప్పుపట్టి బిగుసుకుంటే పిడికిలి జరగదు, ఒక ప్యాడే భారం మోస్తుంది, రెండోది చూస్తూ కూర్చుంటుంది. ఉమ్మడి కాపురంలో ఒక్క కోడలే అరిగిపోయినట్టు. ఆ పిన్నులు బయటికి లాగి, తుడిచి, గ్రీజు పెట్టకపోతే కొత్త ప్యాడ్లు వేసీ ఉపయోగం లేదు. బ్రేకు వదిలినా చక్రాన్ని వదలవు. కొండ దిగుతుంటే మాడిపోతాయి. ఆ వేడికి బ్రేకు నూనె మరిగిందంటే తొక్కిన కాలు నేలదాకా పోతుంది, బండి ఆగదు. తొక్కేది తన కూతురు. వెనక టీచర్లు. రేపు సాయంత్రమే.

అతను రెండు ప్యాడ్లూ ఒడిలోకి తీసుకుని ఎడమచేత్తో పక్కపక్కన పట్టి పైకెత్తాడు. "ఊ! ఊ!"

"ఏంటి బావా? పాతవి దాచుకుంటావా?"

మెకానిక్కు తలెత్తకుండా అన్నాడు. "ఇక్కడ కొంచెం బిగుసుకుందన్నా. అయినా కొడితే కదిలింది."

"కదిలింది కదా, కానియ్. అటు చూడు, మబ్బెలా కమ్ముకొస్తోందో."

రేడియో తల అడ్డంగా ఊపాడు. ఎడమకి, కుడికి, మళ్లీ ఎడమకి. మెడ నరాలు పొంగాయి. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి ఇలాగే తల తిప్పమని చెప్పి వెళ్లింది.

"శభాష్ బావా! అలా చెయ్యాలి. అక్కా, చూడు, ఇవాళ ఎవరూ చెప్పకుండానే ఎక్సర్‌సైజు చేస్తున్నాడు!"

చెవిటివాడి ముందు శంఖం ఊదిన సామెత అందరికీ తెలుసు. శంఖం పోగొట్టుకున్నవాడి చుట్టూ చెవులున్నవాళ్లు మూగితే ఏమవుతుందో మన పెద్దలు సామెత కట్టలేదు. భార్య పరుగున వచ్చింది. కళ్లలో సంతోషం. అంతలోనే అతని ఒడి చూసింది. "అయ్యో, ఉతికిన లుంగీ అండీ! ఇటివ్వండి." వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి, ప్యాడ్లు లాక్కుని, వీధి చివర గంట కొడుతున్న చెత్తబండిలో పడేసి వచ్చింది. తడిగుడ్డతో అతని చెయ్యి తుడిచింది, పసిపిల్లాడికి తుడిచినట్టు. అతను ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు.

చక్రం బిగిసింది. మెకానిక్కు చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. బకెట్టూ మగ్గూ కుర్చీ పక్కనే వదిలేశాడు. కూతురూ మేనమామా బండి అలా నాలుగు వీధులు తిప్పి తెచ్చి అదే చోట నిలబెట్టారు.

"వెన్నలా ఆగుతోంది మామయ్యా. ఆ కీచు కూడా లేదు" అంది కూతురు దిగుతూ.

"మరేమనుకున్నావ్! వేయించింది ఎవరు?"

రేడియోకి వాసన తగిలింది. చదునైన వీధుల్లో నెమ్మదిగా తిరిగొచ్చిన బండికి రాకూడని వాసన, మాడుతున్న ఇనుము వాసన. కూతురి చెయ్యి పట్టుకుని లాగి ఎడమచక్రం దగ్గర పెట్టించాడు. "అబ్బా, కాలింది!" అని ఆమె వేలు నోట్లో పెట్టుకుంది.

"కొత్తల్లో అంతే అమ్మాయ్, వేడెక్కుతాయి" అన్నాడు మేనమామ.

రేడియోకి ఇక కావలసింది ఒక్కటే. ఆమె బండి చుట్టూ తిరిగి అవతలి చక్రాన్ని కూడా ముట్టుకోవాలి. చెయ్యి మళ్లీ లాగాడు, బండి ముందునుంచి అటువైపు చూపించాడు. "లోపలికి తీసుకెళ్లమంటున్నాడు" అంది భార్య. "అలసిపోయుంటాడు" అన్నాడు బావమరిది. ఇద్దరూ చెరో చంకలో చెయ్యి వేశారు.

అప్పుడు రేడియో తన బతుకంతా ఎవరినీ చెయ్యనివ్వని పని చేశాడు. ఎడమచెయ్యి విడిపించుకుని, మగ్గు నిండా నీళ్లు ముంచి ఎడమచక్రం మీద పోశాడు. సుయ్యిమంది. ఆవిరి లేచి అతని మొహానికే కొట్టింది. మళ్లీ ముంచాడు.

"బావా! ఏంటిది! అక్కా, మగ్గు లాక్కో. అయ్యో, బావకి మతి కూడా తప్పుతోందే."

కూతురు మాత్రం కదల్లేదు. వేలు ఇంకా నోట్లోనే ఉంది. తాలింపు పెడుతున్నావేంట్రా, అని ఎక్కడో అడుగునుంచి ఒక గొంతు లేచింది. వేడి చక్రం మీద నీళ్లు పోసేవాడు... ఈయనా పోసేది?

తల్లి లాక్కున్న మగ్గుని కూతురు ఆమె చేతిలోంచి తీసుకుంది. నీళ్లు ముంచుకుని బండి చుట్టూ తిరిగి కుడిచక్రం మీద పోసింది. నీళ్లు చప్పుడు లేకుండా జారి మట్టిలో కలిశాయి.

తిరిగి వచ్చి తండ్రి ముందు గొంతుక్కూర్చుంది.

"ఈ చక్రంలోనే ఏదో ఉంది కదూ నాన్నా?"

"ఊ."

"ప్యాడ్లు మంచివి కావా?"

"ఊ."

"నూనె కారుతోందా?"

"ఊ."

తల అడ్డంగా ఊపబోయాడు గానీ, ఇందాకటి శ్రమకి మెడ తిరగలేదు.

"అన్నిటికీ ఊ యేగా అమ్మాయ్" అన్నాడు మేనమామ, ఈసారి నెమ్మదిగా.

"ఇందాక నాన్న చేతిలో ఏవో పట్టుకున్నాడు. పాత ప్యాడ్లా? ఏవి అవి?"

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వీధి చివర గంట ఎప్పుడో ఆగిపోయింది.

కూతురు మెకానిక్కుకి ఫోను చేసింది. ఎడమచక్రం ఒక్కటే కాలుతోంది, మళ్లీ విప్పాలంది. కొత్త ప్యాడ్లకి మామూలే, ఇంకేమైందని విప్పాలి, అన్నాడతను. తెలీదంది. తెలియకపోతే ఏం చూడమంటావమ్మా, రెండ్రోజుల్లో వస్తాలే, అన్నాడు. వస్తాడు. కొత్త ప్యాడ్లు తళతళలాడుతుంటే చూసి, బాగానే ఉందని మళ్లీ బిగించి పోతాడు. రేడియోకి అది కూడా ముందే కనిపించింది.

"టీచర్లు రెండ్రోజులు ఆగరే. ఇంకో బండి చూసుకుంటారు" అన్నాడు మేనమామ.

"చూసుకోనీ."

ఆమె చక్రాల కింద రాళ్లు పెట్టింది. తాళంచెవి తెచ్చి తండ్రి ఎడమ అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. అతని చెంపమీది తడి తుడుస్తూ నవ్వడానికి ప్రయత్నించింది.

"నాకు తెలిసింది ఇంతే నాన్నా. నువ్వు ఊ అనేదాకా ఈ బండి కదలదు. సరేనా?"

మాట ఆగింది. రేడియో గొంతులోంచి ఊ బయల్దేరింది, రోజూ బయల్దేరినట్టే, అదంతట అదే. అతను కింది పెదవిని పళ్లకింద నొక్కిపట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తాళంచెవి అరచేతిలో గుచ్చుకుంటోంది. కూతురు చూస్తూనే ఉంది. అతను పెదవి వదల్లేదు.