రంపం కింద ముప్పయ్యేళ్ళు

కండక్టరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని డిపోలో అందరికీ తెలుసు. చిల్లర లేదని దబాయించేవాళ్ళ మీద, ఆడవాళ్ళ సీట్లో కూర్చుని నిద్ర నటించేవాళ్ళ మీద ఆ కోపం రోజూ లేస్తుంది, వాళ్ళు దిగే స్టాపు వచ్చేసరికి చల్లారిపోతుంది. ఆ ఆదివారం ఇంద్రజాల క్లబ్బులో లేచింది మాత్రం ఇప్పటికీ చల్లారలేదు. ఎందుకు చల్లారాలో నాకైతే తెలియదు.

టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్ మేడమీద ఉన్న పొడుగాటి గదే ఆ క్లబ్బు. అక్కడ చేరేవాళ్ళెవరికీ ఇంద్రజాలం బతుకుతెరువు కాదు, ఉత్త సరదా. అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. కోశాధికారికి మందుల షాపు ఉంది. కండక్టరమ్మ పేకముక్కలు మాయం చేస్తుంది, రుమాలు రంగు మారుస్తుంది. వారమంతా జనం మోచేతులతో పొడుస్తుంటే, కాళ్ళు తొక్కుతుంటే నిలబడే మనిషికి, అదే జనం నోరు తెరుచుకుని తన చేతులకేసి చూస్తుండగా నిలబడటం ఎంత అవసరమో వేరే చెప్పాలా? ఇల్లు అత్తగారిది, జీతం పిల్లల ఫీజులది. ఆ నాలుగడుగుల వేదిక ఒక్కటే తనది.

ఆ విద్య నేర్పింది పిన్ని. సొంత పిన్నేం కాదు, పక్క వాటాలో ఉండేది. ప్రొఫెసర్ అని పేరు మోసిన ఇంద్రజాలికుడు వేదిక మీద ఒక ఆడమనిషిని రంపంతో రెండు ముక్కలు కోసి మళ్ళీ అతికించేవాడే, ఆ కోత పడిన మనిషి ఈవిడ. ముప్పయ్యేళ్ళు చెక్కపెట్టెలో మోకాళ్ళు గడ్డానికి ఆనించి, ఊపిరి బిగబట్టి, పైకి మాత్రం నవ్వుతూ పడుకుంది. చప్పట్లు ఆయనకు, నడుంనొప్పి ఈవిడకు. ఒళ్ళు మొరాయించగానే "సన్నపిల్ల ఒకత్తి దొరికిందిలే" అని ఇంటికి పంపేశాడు. పెద్దాసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఏం పని చేసేవారమ్మా, మూటలు మోసేవారా?" అనడిగాడు.

"పెట్టెలో ఉండేదాన్ని నాయనా" అంది పిన్ని. ఆయనకు అర్థం కాలేదు.

చివరికి మంచం దిగలేని స్థితిలో కూడా కండక్టరమ్మ వేళ్ళు పట్టుకుని ముక్క దాచడం నేర్పేది. "బిగుసుకుపోతావేమే, టికెట్ చింపినట్టు చింపకు. దొంగతనం చేస్తున్నట్టు ఆ మొహమేమిటి? నవ్వు!" అని కసిరేది. చలికాలంలో ప్రొఫెసర్ పోయాడు. ఎండలు ముదరకముందే పిన్నీ పోయింది.

ఏడాదికోసారి క్లబ్బువాళ్ళు పోయినవాళ్ళను తలుచుకుంటారు. దానికో పద్ధతుంది. పోయిన మనిషి మంత్రదండాన్ని అధ్యక్షుడు అందరి ముందూ విరుస్తాడు, సభ లేచి నిలబడుతుంది. ఎవరి దండం విరిగితే వాళ్ళకిక వేదిక లేదు. పోయినవాళ్ళకు ఎలాగూ ఉండదనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఆదివారం ముందు ప్రొఫెసర్ దండం విరిగింది. కళ్ళు తుడుచుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. తర్వాత ఇంద్రజాలం మీద పుస్తకాలు రాసిన రచయిత వంతు. ఆయన జన్మలో ఒక్క నాణెం కూడా మాయం చేసి ఎరుగడు. అయినా అధ్యక్షుడు, "కలం మాత్రం దండం కాదా!" అని ఆయన పెన్ను విరిచాడు. చొక్కా చేతికి సిరా కారింది. ఆపైన పోస్టర్లు వేసిన చిత్రకారుడు. "కుంచె కూడా దండమే" అని కుంచె విరిచాడు. తర్వాత పిన్ని వంతేనని కండక్టరమ్మ ఎదురుచూసింది. అధ్యక్షుడు చెయ్యి తుడుచుకుని, "ఇక టీ తాగుదాం" అన్నాడు.

"ఇంకొకరున్నారు సార్" అని లేచింది కండక్టరమ్మ.

"ఎవరమ్మా?"

"ప్రొఫెసర్ గారి పెట్టెలో మనిషి."

"ఓ, ఆవిడా! పాపం మంచి మనిషి. కానీ ఆవిడకు దండం లేదు కదమ్మా. ఏం విరవమంటావ్? పెట్టె విరగ్గొట్టమంటావా?"

ముందు వరసలో నవ్వులు.

"ఆవిడ నడుం విరిగింది సార్. అది మీకు చాల్లేదా?"

నవ్వులు ఆగాయి.

"పెన్ను దండమైంది, కుంచె దండమైంది" కండక్టరమ్మ గొంతు బస్సు చివరిదాకా వినపడే గొంతు. "ఆ పెన్ను ఏం రాసిందో తెలుసా? కావలసిన సామగ్రి: ఒక పెట్టె, ఒక రంపం, ఒక అమ్మాయి. రంపం తర్వాత రాశాడు సార్ మనిషిని! ఆ కుంచె ప్రొఫెసర్ మీసం వెంట్రుక వెంట్రుకా దిద్దింది. పెట్టెలోంచి బయటికున్న మొహం మాత్రం పిన్నిది కాదు, ఇంకెవరో సినిమా పిల్లది. వీళ్ళ కోసం మనం లేచి నిలబడ్డాం."

అధ్యక్షుడి మొహం ఎర్రబడింది. "అంత అభిమానముంటే నీ దండం ఇవ్వమ్మా, విరుస్తాను. రూలు తెలుసుగా. విరిగాక నువ్విక ఇక్కడ వేదిక ఎక్కవు."

కండక్టరమ్మ చెయ్యి సంచీలోకి వెళ్ళింది. దండం చేతికి తగిలింది కూడా. అక్కడే ఆగిపోయింది. ఆ వేదిక లేని ఆదివారం కళ్ళ ముందు కనపడింది. మెల్లగా కూర్చుంది. వాళ్ళ మీది కోపానికి తన మీది కోపం కూడా తోడై, టీ కప్పు పక్కకు నెట్టేసింది.

టీ అయ్యాక ప్రొఫెసర్ జ్ఞాపకార్థం పెట్టె ఐటం. కోసేది అధ్యక్షుడు, పడుకునేది ఆయన భార్య. ఆవిడ పెట్టెలోకి దిగింది. తల ఇటు, పాదాలు అటు బయటికొచ్చాయి. మూత వేశారు. అధ్యక్షుడు దండంతో పెట్టె మీద తట్టి రంపం అందుకున్నాడు. రంపం తగలకుండా కాళ్ళు లోపలికి ముడుచుకునే సమయం అదే. ఆవిడ ముడవలేదు.

"కానియ్" అన్నాడాయన పళ్ళబిగువున.

"కానివ్వను. ముందు ప్రొఫెసర్ గారి పెట్టెలో ఆవిడకు కూడా ఒక దండం విరవండి" అంది భార్య.

"ఏమిటీ వేషాలు? ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఇక్కడే మాట్లాడండి. నా కాళ్ళు ఇక్కడే ఉన్నాయి. మోకాలు పట్టేసి రాత్రుళ్ళు మూలుగుతుంటే, దిండు సర్దుకో అంటారు. రేపు నేను పోతే నాకేం విరుస్తారు, దిండా?"

అధ్యక్షుడు గుడ్లురిమాడు. తర్వాత మొహాన నవ్వు పులుముకుని చివరి వరసకేసి చూశాడు. అక్కడ కూర్చునేది సభ్యుల భార్యలూ మరదళ్ళూ, అంటే వాళ్ళ పెట్టెల్లో మనుషులు. "మీరొకసారి రండమ్మా" అని కోశాధికారి మరదల్ని పిలిచాడు.

"నాకు మోకాలు నొప్పి అన్నయ్యగారూ."

"పోనీ మీరు?"

"నాకు రెండు మోకాళ్ళూ."

"ఈయన చేతిలో రంపం చూస్తేనే నాకు నడుం పట్టేస్తోంది" అంది ఇంకొకావిడ. ఆ వరసలో ఎవరూ లేవలేదు.

"మీ చేతిలో దండముందిగా, అది విరవండి" అంది పెట్టెలోంచి భార్య. ఆయన ఆ దండాన్ని గబగబా కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. ప్రాణం దాచుకున్నట్టే దాచుకున్నాడు.

అది చూశాక కండక్టరమ్మకు ఆలోచించే పని లేకపోయింది. విసవిసా వేదిక ఎక్కింది. తన దండం తీసి మోకాలికి ఆనించి వంచింది. గట్టి కర్ర, విరగలేదు.

"ఇక్కడ పెట్టి కొట్టవే తల్లీ" అంటూ అధ్యక్షుడి భార్య తల పక్కకు జరిపింది.

పెట్టె అంచు మీద రెండు దెబ్బలు. విరిగింది. చివరి వరస మొత్తం లేచి నిలబడింది. ముందు వరసలో మగవాళ్ళు కొందరు సగం లేచి, అధ్యక్షుడి మొహం చూసి మళ్ళీ కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళను కండక్టరమ్మ ఒక్కొక్కరినీ చూసింది.

"రూలు రూలే. నీకిక వేదిక లేదు" అన్నాడు అధ్యక్షుడు.

"మీకు పెట్టె లేదు లెండి" అంది ఆయన భార్య. కండక్టరమ్మ గడియలు తీస్తే, ఆవిడ తన కాళ్ళ మీద తను బయటికి నడిచింది.

వారం తిరక్కుండా కోశాధికారి కండక్టరమ్మ బస్సెక్కాడు. "ఆవేశపడ్డావమ్మా. పోయినావిడ ఎలాగూ చూడదు, నీ సరదా ఒకటి పోగొట్టుకున్నావ్. క్షమాపణ చెబితే అధ్యక్షులవారు ఆలోచిస్తానన్నారు."

కండక్టరమ్మ కోపం ఇంకా పెరిగింది. విరగాల్సింది ఒకరిది, విరిగింది తనది. పైగా క్షమాపణ కూడా తనే చెప్పాలట.

"ఈ ఆదివారం పెట్టెలోకి ఎవరు దిగుతున్నారండీ?"

"ఆడవాళ్ళెవరూ రామంటున్నారు."

"మీరు దిగండి. గడ్డానికి మోకాళ్ళు ఆనించి ఒక్క పూట పడుకోండి. లేచాక క్షమాపణ ఎవరు చెప్పాలో మాట్లాడదాం. టికెట్ తీసుకోండి."