మా కాళ్లు ఎక్కడ పాతారు?

ఆ విశ్వవిద్యాలయం నర్సింగ్ విభాగంలో కో సూ-చిన్‌ని ఇష్టపడేవాళ్లు ఒక్కరూ లేరు. ఆమె కూడా ఎవరినీ ఇష్టపడేది కాదు కాబట్టి అందులో అన్యాయమేమీ లేదు. యాభై రెండేళ్ల మనిషి. మగపిల్లాడిలా కత్తిరించుకున్న జుట్టు, ఎండకు కమిలిన మెడ, ఎదుటివాళ్లు మాట పూర్తి చేసేలోపే జవాబు చెప్పేసే నోరు.

పుట్టింది తైవాన్ నైరుతి తీరాన, ఉప్పుమడుల పల్లెలో. ఆ చుట్టుపక్కల లోతు బావుల నీళ్లలో పాషాణం ఉండేది. ఆ నీళ్లు తాగినవాళ్లకి ఏళ్లు గడిచాక కాలివేళ్లు నల్లబడి, ఎండి, మాడిన పుల్లల్లా అయిపోయేవి. నల్లపాదం అనేవారు దాన్ని. చివరికి కాళ్లు తీసేయడం తప్ప దారి ఉండేది కాదు. సూ-చిన్ నర్సుగా మొదట చేరింది ఆ కాళ్లు తీసే ఆసుపత్రిలోనే. తర్వాత పైచదువులు చదివి టీచరైంది. కుళాయి నీళ్లొచ్చి కొత్తగా ఆ జబ్బు ఎవరికీ రాకపోయినా, పద్దెనిమిదేళ్లుగా ఆమె పట్టుకుంది అదొక్కటే. విభాగం వెబ్‌సైట్‌లో ఒక్కో టీచరు పేరు పక్కన ‘పరిశోధన ఆసక్తులు’ అని ఒక గడి ఉంటుంది. మిగతావాళ్ల గడుల్లో నాలుగేసి, ఐదేసి విషయాలు. ఆమె గడిలో ఒకటే: నల్లపాదం రోగుల మొండికాళ్ల సంరక్షణ.

ఆ ఏడు మార్చిలో విభాగానికి తనిఖీ రాబోతోందని తెలిసింది. కొత్తగా అధిపతి అయిన లియావ్ హ్వెయ్-రూ అందర్నీ కూర్చోబెట్టింది. సూ-చిన్ కంటే ఆరేళ్లు చిన్నది. రోగులను పక్కమీద అటూ ఇటూ తిప్పే మరమనిషి ఆమె పరిశోధన.

“కో టీచర్, మీ రోగులు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?” అంది లియావ్, కాగితాల్లోంచి తలెత్తకుండా.

“నలభై ఒక్కరు.”

“పోయినేడు?”

“యాభై ముగ్గురు.”

“అంటే మీరు చేసేది పరిశోధన కాదండీ, తీసివేతలు.”

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. సూ-చిన్ టీ కప్పు కింద పెట్టింది. “మీ మరమనిషి ఇంకా ఒక్క రోగినీ తిప్పలేదు కదా. పాపం, మీకు తీసేయడానిక్కూడా ఏమీ లేదు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. లియావ్ చెవులు ఎర్రబడ్డాయి. “మూడు శీర్షికలు ఇస్తున్నాను. యంత్రాల సాయంతో సేవ, దీర్ఘకాల సంరక్షణ, ఆరోగ్యంగా ముసలితనం. మీ ఆసక్తి వీటిలో ఎక్కడో ఒకచోట ఇమడాలి. ఇమడకపోతే గడి ఖాళీగా పెట్టేస్తా.”

“రోగులు చచ్చిపోతున్నారని ఆసక్తి మార్చుకోమంటారా?”

“బతికున్నవాళ్ల మీద పెట్టుకోమంటున్నాను.”

రెండు వారాల తర్వాత పరిశోధన చేస్తున్న అమ్మాయిలిద్దరు ఆలుచిప్పల నీచు కంపుతో విభాగానికి తిరిగొచ్చారు. జుట్టు నిండా గుల్ల ముక్కలు. లేని కాలు నొప్పెడుతోందనేవాళ్లకి కళ్లద్దాల్లాంటి యంత్రం తగిలించి, అందులో కాలు ఉన్నట్టు చూపించి నొప్పి తగ్గించాలన్నది లియావ్ కొత్త ఆలోచన. అందుకు మనుషులు కావాలి. సూ-చిన్ బీరువాలోంచి లియావే పేర్లు తీసి, ‘కో టీచర్ పంపారు’ అని చెప్పమని వాళ్లను పల్లెకు తోలింది. మొదటి ఇంట్లోనే ముసలామె ఆలుచిప్పలు కడిగిన నీళ్లు గిన్నెడు వాళ్ల ముఖాల మీదికి విసిరింది.

సూ-చిన్ నడవాలోనే లియావ్‌ని పట్టుకుంది. “ఆ పేర్లు నా బీరువాలోవి.”

“విభాగం బీరువా.”

“నా పేరు కూడా విభాగానిదేనా?”

“మీ పేరు చెబితే తలుపు తీస్తారనుకున్నాం. నీళ్లు పోస్తారని మాకేం తెలుసు? పద్దెనిమిదేళ్లలో మీరు సంపాదించుకున్న మర్యాద అదన్నమాట.” అనేసి లియావ్ చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్లిపోయింది.

ఆ మాట మాత్రం సూ-చిన్‌కి గుచ్చుకుంది.

శనివారం స్కూటర్ వేసుకుని పల్లెకు వెళ్లింది. నీళ్లు పోసిన ఆ ముసలామె బాంగ్-యో అవ్వ. డెబ్బై ఎనిమిదేళ్లు. నాలుగో ఆడపిల్లగా పుడితే, ‘సరేలే, పెంచుదాం’ అనే అర్థం వచ్చేలా ఆ పేరు పెట్టారట. ముప్పై ఏళ్ల కిందట రెండు కాళ్లూ మోకాళ్ల కిందనుంచి తీసేశారు. వాకిట్లో చక్రాల పలక మీద కూర్చుని, పొట్టికత్తితో ఆలుచిప్పలు ఒలుస్తోంది.

“ఇంకెందుకొచ్చావే?” అంది అవ్వ. “పిల్లల్ని పంపావు కదా. సరిపోలేదా?”

“నేను పంపలేదవ్వా. నా పేరు చెప్పుకుని వచ్చారు.”

“నువ్వైతే ఏం, వాళ్లైతే ఏం? నువ్వూ మొండికాళ్లు కొలుస్తావు, వాళ్లూ కొలుస్తారు. నా కాళ్ల మీద కూర్చుని టీచరయ్యావు. నా కాళ్లేమయ్యాయి?”

“మొండికాళ్లకి పుండ్లు పడకుండా నేను నేర్పిన కట్టు…”

“కట్టు సంగతి కాదే నేనడిగేది!” అవ్వ కత్తి పలక మీద గుచ్చింది. “నా గురించి పుస్తకాల్లో రాశావట. చదువు. ఏం రాశావో విందాం.”

రాసింది ఇంగ్లీషులో. సంచిలో ఉంది. సూ-చిన్ మడతకుర్చీ లాక్కుని, ఒక్కో వాక్యం తమ పల్లె మాటలోకి తిప్పుతూ చదివింది. పదకొండో రోగి, స్త్రీ, లేని పాదంలో నొప్పి, చలిలో ఎక్కువ. అవ్వ గుల్లలు ఒలుస్తూనే వింది. ఒకచోట చెయ్యి ఆగింది.

“చలి అని నేనెప్పుడన్నాను?”

“ఉత్తరపు గాలి వీచినప్పుడు నొప్పి అన్నావు కదవ్వా.”

“గాలి వీచినప్పుడు ఇసుక లేస్తుంది. ఇసుక లేస్తే నా కాళ్లు బయటపడి ఉంటాయేమో, ఏ కుక్క లాక్కుపోతోందో అని నొప్పి అన్నాను. ఎక్కడ పాతారని నిన్నెన్నిసార్లు అడిగాను? మొదటేడు అడిగాను. రెండో ఏడు అడిగాను. ‘అది నాకు తెలీదవ్వా’ అని కలం మూత పెట్టేశావు. అది రాశావా అందులో?”

రాయలేదు. ఆ ప్రశ్నకి ఫారంలో గడి లేదు. సూ-చిన్ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

“పో,” అంది అవ్వ. “తెలుసుకుని రా. లేకపోతే రాకు.”

ఆసుపత్రి ఎప్పుడో మూతపడింది. కాగితాలు ఎలకలపాలయ్యాయి. అప్పట్లో ఆపరేషన్ గది కడిగే చ్వాంగ్ అనే ముసలాయన పక్క ఊళ్లో పాలబొంత చేపల చెరువు కాపలా కాస్తున్నాడని వాకబు చేసి వెళ్లింది. ఆయన ఆమెను గుర్తుపట్టాడు గానీ కూర్చోమనలేదు.

“తీసేసిన కాళ్లా? సరుగుడు తోపులో,” అన్నాడు. “రోజూ సాయంత్రం బకెట్టు నేనే తీసుకెళ్లేవాణ్ణి. కుక్కలు తవ్వకుండా నడుములోతు గుంత తీసేవాణ్ణి. పైన ఒక అగరొత్తి. ఎవరికీ చెప్పొద్దన్నారు పెద్ద డాక్టరుగారు.”

“ఆ తోపు ఇప్పుడు లేదే?”

“సముద్రపు గట్టు కట్టినప్పుడు చెట్లు పీకేసి మట్టి తోలారు. అన్నీ ఆ గట్టు కిందే ఉంటాయి. ఎవరివి ఎవరివో నేనూ చెప్పలేను.” మేత చల్లుతూ ఆమెకేసి చూశాడు. “నువ్వూ అక్కడే ఉన్నావుగా అమ్మాయ్. నా చేతికి బకెట్టు నువ్వే అందించేదానివి. ఎటు పట్టుకెళ్తున్నావని ఒక్కనాడు అడిగావా?”

మర్నాడే వెళ్లి ఉన్నదున్నట్టు అవ్వకి చెప్పింది. తియ్యటి అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు. అవ్వ చాలాసేపు తిట్టింది. డాక్టర్లని, గట్టు కట్టినవాళ్లని, సూ-చిన్‌ని, సూ-చిన్ తల్లిని కూడా. తిట్టి తిట్టి అలసిపోయి, “అయితే పైకెళ్లాక మా ఆయన దగ్గరికి పాక్కుంటూ పోవాలా?” అంది.

“కర్రతో చేయిద్దామా అవ్వా? నీ శవపెట్టెలో పెట్టుకోడానికి.”

“ఊరకే కర్ర ముక్కలు పెడితే ఒప్పుకోను. నావిలా ఉండాలి. రాసుకో. ఎడమ చిటికెనవేలు లోపలికి వంకర. మడమ వెడల్పు. కుడి బొటనవేలి గోరు చీలి ఉంటుంది, ఆలుచిప్ప కోసింది.”

సూ-చిన్ రాసుకుంది. పట్నంలో దేవుడి బొమ్మలు చెక్కే ఆయన మొదట చేసిన జతను అవ్వ విసిరికొట్టింది. “ఇవెవరో షావుకారు భార్య కాళ్లు! ఉప్పులో నడిచిన కాళ్లలా ఉన్నాయా ఇవి?” రెండోసారి మడమలు నచ్చలేదు. మూడో జతను ఒళ్లో పెట్టుకుని, వేళ్లు తడిమి చూసి, గుడ్డలో చుట్టి దాచుకుంది.

ఈలోగా సూ-చిన్ తన గడికి కొత్త మాటలు రాసిచ్చింది: ‘తీసేసిన కాళ్లు ఏమయ్యాయో తెలుసుకోవాలన్న రోగుల కోరిక.’

లియావ్ చదివి కాగితాన్ని వేలితో వెనక్కి తోసింది. “ఇది నర్సింగా, దయ్యాల కథా?”

“మీరెప్పుడైనా రోగిని ఏం కావాలని అడిగారా? నేనూ అడగలేదులెండి, పద్దెనిమిదేళ్లు.”

“మీ పశ్చాత్తాపానికి నా విభాగంలో చోటు లేదు.”

గడి ఖాళీ అయింది. పరిశోధన విద్యార్థులను ఆమె దగ్గరనుంచి తీసేశారు. మొదటి ఏడాది పిల్లలకి దుప్పట్లు పరవడం నేర్పే పని ఇచ్చారు. తనిఖీ రోజున, వచ్చినవాళ్లలో ఒకాయన ఆ ఖాళీ గడి సంగతి అడిగాడు. “కో టీచర్ ఆసక్తులు ప్రస్తుతం మారే దశలో ఉన్నాయండీ,” అంది లియావ్ తియ్యగా.

“మారలేదు,” అంది సూ-చిన్ వెనక వరుసలోంచి లేచి. “ఆవిడ చెరిపేశారు.” ఎందుకు చెరిపారో, ఏం చెరిపారో నిలబడి చెప్పింది. వచ్చినవాళ్లు తలలూపి రాసుకున్నారు. దానివల్ల ఒరిగింది ఏమీ లేదు. లియావ్ ఆమెతో మాట్లాడటం మానేసి, చెప్పాల్సిందేదైనా కాగితం మీద రాసి పంపేది. సూ-చిన్ రిటైరయ్యేదాకా పదేళ్లు ఆ కాగితాలే.

బాంగ్-యో అవ్వ తనిఖీ జరిగిన ఏడాదే శరదృతువులో పోయింది. సూ-చిన్ వెళ్లేసరికి పెద్దకోడలు పెట్టె దగ్గర అడ్డం నిలబడింది. “బయటివాళ్లు ముట్టుకోకూడదు.”

“కట్టు ఎలా కట్టాలో నీకు తెలుసా?”

కోడలు పక్కకు జరిగింది. సూ-చిన్ ఆ కర్రపాదాలను మొండికాళ్లకు ఆనించి, ఆసుపత్రిలో కట్టినంత శ్రద్ధగా మెత్తటి గుడ్డతో చుట్టి, మేజోళ్లు తొడిగింది. కోడలు దండం పెట్టలేదు, టీ ఇవ్వలేదు.

తర్వాతి శనివారం ఇంకో ఇంటికెళ్లింది. ఉప్పుమడుల్లో పనిచేసిన ముసలాయన. ఒక కాలు లేదు. తలుపు జానెడు తీసి, “కొలతలకా?” అన్నాడు.

“కాదు తాతా. నీ కాలు ఎలా ఉండేదో చెప్తావేమోనని.”

“నీకెందుకు? పో!” తలుపు ధడేలున మూసుకుంది.

ఆమె స్కూటర్ తిప్పుకుంది. ఇంకా తాళం తిప్పనేలేదు, కిటికీలోంచి కేక వినిపించింది.

“పెద్ద పాదం నాది! ఊళ్లో ఏ కొట్టులోనూ చెప్పులు దొరికేవి కావు. అలా రాసుకో!”