లంగా అంచున మడతలు

నా చిన్నప్పుడు, మెరిసే గౌను కావాలని ఏడాదంతా మారాం చేస్తే, ఆ క్రిస్మస్‌కి మా నాన్నగారు నిడదవోలు బజారు నుంచి ఒకటి తెచ్చారు. గులాబీ రంగు, వలలాంటి కుచ్చులు, నడుం దగ్గర వెండి పువ్వు. అలాంటిది మా ఊళ్ళో ఇంకే పిల్లకీ లేదు. పండగ ఇంకా రాకముందే మాటిమాటికీ పెట్టె తెరిచి తడిమి చూసుకునేదాన్ని.

పండగ పొద్దున చర్చిలో పిల్లలందరం పాట పాడుతున్నాం. దూతలు వచ్చే చోట చేతులు పైకెత్తాలి. ఎత్తాను. చంక నుంచి నడుం దాకా కుట్టు పర్రున విడిపోయింది. ముందు కూర్చున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. పాట సాగుతూనే ఉంది, నేను చేతులు ఒంటికి అదుముకుని బిగుసుకుపోయాను.

చాపల మీద ఆడవాళ్ళ మధ్య కూర్చున్న పక్కింటి అక్క లేచొచ్చి, తన శాలువా నాకు కప్పి, వాళ్ళింటికి తీసుకెళ్ళింది. అక్కకి అప్పటికి ఇంకా పెళ్ళి కాలేదు. తల్లి లేని పిల్ల. నాన్నకీ తమ్ముళ్ళకీ వండిపెట్టి, మధ్యాహ్నాలు అరుగు మీద మిషను కుట్టేది.

"కుట్టెయ్యక్కా, సాయంత్రం మళ్ళీ వేసుకుంటాను" అన్నాను వెక్కుతూ.

అక్క గౌను తిరగేసి చూసింది. "ఏం పట్టుకుని కుట్టనే? లోపల గుడ్డే వదల్లేదు. సూది గుచ్చితే పోగులు ఊడొస్తున్నాయి."

నన్ను ఊరుకోమనలేదు. లోపలికెళ్ళి ట్రంకుపెట్టెలోంచి ఒక ఆకుపచ్చ నేత లంగా తెచ్చింది. దాని అంచుకు పైన, చుట్టూ అడ్డంగా గీతలున్నాయి. గీతకీ గీతకీ మధ్య రంగులో కొంచెం తేడా.

"మా అమ్మ కుట్టింది. నేను ఎదుగుతాను కదాని లోపలికి మడతలు వేసి కుట్టింది. పండక్కో మడత విప్పేది. అమ్మ పోయాక నేనే విప్పుకున్నాను."

చివరి మడత విప్పిన చోట గుడ్డ ఇంకా కొత్తదిలా ముదురుగా ఉంది. అక్క అక్కడ వేలితో నిమిరింది. "ఇంత పొడుగవుతానని అమ్మకెలా తెలిసిందో" అంది.

తర్వాత దాన్ని నా నడుముకి ఆనించి చూసి, మళ్ళీ మడతలు పెట్టడం మొదలెట్టింది. నాకు భయమేసింది. "మీ అమ్మది కదక్కా!"

"పెట్టెలో ఉంటే పురుగు తింటుంది. నువ్వు కట్టుకో. అన్నీ ఒక్కసారే విప్పెయ్యకేం" అని నవ్వింది.

సాయంత్రం ఆ లంగాతోనే చర్చికి వెళ్ళాను. గౌను మసిగుడ్డగానైనా పనికొస్తుందేమోనని మా అమ్మ చూసింది కానీ, అది నీళ్ళు కూడా పీల్చలేదు. అక్క పెళ్ళయి వెళ్ళిపోయాక కూడా, పండక్కి పుట్టింటికి వస్తే ముందు మా గుమ్మంలోకే వచ్చేది. నన్ను నిలబెట్టి చూసి, తన చేత్తోనే ఒక మడత విప్పేది. నేను ఎదిగానని నాకన్నా తనకే ఎక్కువ సంతోషంగా ఉండేది.

ఇప్పుడు మా ఇంటికి పార్సిళ్ళు వస్తూనే ఉంటాయి. మా మనవరాలు వాళ్ళమ్మ ఫోన్లో చూసి ఎంచుకుంటుంది. రెండు ఉతుకులకి కుట్టు ఊడితే, "పోనీలే మామ్మా, ఇంకోటి ఆర్డర్ పెడదాం" అంటుంది. దాన్ని ఏమనగలను? ఆ బట్ట చేసినవాళ్ళు వచ్చే ఏడాదికి ఈ పిల్ల ఎంతవుతుందోనని ఒక్క క్షణమైనా అనుకుని ఉండరు. ఒకరు నా ఎత్తుని ముందుగా తలుచుకుని కుట్టిన బట్ట నేను కట్టుకున్నాను. మా మనవరాలికి ఆ భాగ్యం లేదు, అంతే.

మొన్న దానికి ఒక లంగా కుట్టాను. లోపల మడతలు చూసి, "ఇవెందుకు మామ్మా?" అంది. పొడుగవుతావుగా అన్నాను. అవన్నీ విప్పేదాకా నేనుంటానో లేదో. కుట్టేటప్పుడు మాత్రం ఆ ఆలోచనే రాలేదు. అది పొడుగై, మా గుమ్మం పైకమ్మీ తగలకుండా తల వంచి లోపలికొస్తున్నట్టే ఊహించుకుంటూ కుట్టాను.