మజారా వాగు అడ్డం తిరిగిన శుక్రవారం

"ఈ దేశంలో ఏరే లేదా అక్కా?" అని రమణమ్మ అడగబట్టే ఈ ప్రయాణం. ఆమెది కడప జిల్లా. మూడేళ్లుగా ఘుబ్రాలో ఒక ఒమానీ ఇంట్లో పని చేస్తోంది. మేముండే దార్సైట్‌లో గుడి దగ్గర పరిచయం. కూతురి కాన్పుకని ఆ శనివారమే ఊరికి వెళుతోంది. ఇక్కడ వంటిల్లూ, మేడ మీద బట్టలారేసే తీగలూ తప్ప ఏమీ చూడలేదంటే నాకు మనసు ఊరుకోలేదు.

వాళ్ల మేడమ్ ముందురోజు శుక్రవారం సెలవిచ్చింది, కానీ పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు వేళకు ఇంట్లో ఉండాలంది. పక్కింటి పనిమనిషి ఇలాగే సెలవని వెళ్లి మళ్లీ రాలేదట. అందుకని ఆలస్యమైతే పారిపోయిందనుకుంటారు. పోలీసులకు ఫిర్యాదు వెళ్లిందంటే ఇక ప్రయాణం మాట మర్చిపోవాల్సిందే. పాస్‌పోర్టు మేడమ్ బీరువాలోనే ఉంది.

ఉదయం ఏడింటికి బయల్దేరాం. మా ఆయన పాత కారు నడుపుతుంటే నేను వాచీ చూసుకుంటూ కూర్చున్నాను. మూడు రియాళ్లకు పెట్రోలు సగం ట్యాంకు పైన నిండింది. ఖురియాత్ ఊరు దాటే ముందు టీ కొట్టు దగ్గర ఆగి పరాఠాలు తిన్నాం. తర్వాత లోపలికి తిరిగితే దారంతా వాగు పక్కనే. ఒకవైపు ఎర్రటి బోడి కొండలు, ఇంకోవైపు ఖర్జూరం తోటలు, మధ్యలో అద్దంలాంటి నీళ్లు. మజారా అనే ఊరి దగ్గర రోడ్డు వాగులోంచే అవతలికి పోతుంది. నీళ్ల లోతు తెలియడానికి రెండు పక్కలా ఎరుపూ తెలుపూ స్తంభాలు పాతారు. ఆ ఉదయం చక్రాలు కూడా సరిగ్గా తడవలేదు.

అవతలి గట్టున రమణమ్మ చీర ఎత్తి కట్టి నీళ్లలో దిగింది. "మా పెన్నలో ఈ కాలంలో ఇసకే అక్కా" అని నవ్వింది. ఆమె అలా నవ్వగా నేను చూడటం అదే మొదలు.

పులిహోర తింటుండగా కొండల వెనక నల్లటి మబ్బు కనిపించింది. బయల్దేరదామన్నాను.

"ఊరికే కంగారు పడకు. భద్రాచలంలో నీళ్లు పెరిగితే మన ధవళేశ్వరానికి రావడానికి ఒక రోజు పైనే పడుతుంది. ఆ నీళ్లు ఇక్కడికొచ్చేసరికి మనం ఇంట్లో నిద్రపోతుంటాం" అన్నారు మా ఆయన. నేనూ గోదావరి ఒడ్డున పుట్టినదాన్నే. నిజమే కదా అనిపించింది. ఆయన ఇంకాస్త పులిహోర పెట్టించుకుని, చెట్టు కింద ఒక కునుకు కూడా తీశారు.

హోరు విని పరుగెత్తేసరికి దారి లేదు. మట్టి రంగు నీళ్లు స్తంభాలను సగం దాకా ముంచేశాయి. మా ఆయన మొహం పాలిపోయింది. గట్టు మీద ఒక ఒమానీ పెద్దాయన తన జీపు పక్కన చాప వేసుకుని, ఫ్లాస్కులోంచి కహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోసుకుంటున్నాడు. "వాదీ ఆయా. బైఠో" అన్నాడు తాపీగా, వాగొచ్చింది కూర్చోండన్నట్టు. ఎంతసేపని అడిగితే ఆకాశం వైపు చూపించాడు. ఫోన్లు చూస్తే సిగ్నల్ లేదు.

రమణమ్మ కారెక్కి కూర్చుంది. "పోదాం అన్నా. ఏమన్నా గానీ, పోదాం."

మా ఆయన తాళం తిప్పబోయారు. తప్పు తనదన్న బాధలో ఆయనకు ఇంకేమీ కనిపించడం లేదు. అప్పుడే ఒక ఖర్జూరం చెట్టు వేళ్లతో సహా కొట్టుకుపోయింది. నేను తాళం లాక్కున్నాను. "నీ కూతురికి నువ్వు కావాలి రమణమ్మా. టికెట్టుదేముంది, మళ్లీ కొనుక్కోవచ్చు" అన్నాను. ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

సంగతి తెలిసి పెద్దాయన మమ్మల్ని జీపులో కొండెక్కించాడు. సిగ్నల్ దొరికాక రమణమ్మ చేతిలోని ఫోన్ తీసుకుని మేడమ్‌తో అరబ్బీలో మొదలుపెట్టాడు.

"ఏం చెప్తాండాడు అన్నా?"

పనిచేసే సైట్‌లో నేర్చిన అరబ్బీతో మా ఆయన చెవి ఒగ్గి విన్నారు. "నీళ్లంటున్నాడు, తోటలంటున్నాడు. నీ మాట ఇంకా రాలేదు."

వచ్చేలోపే లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

సాయంత్రం అసర్ నమాజు దాటాక నీళ్లు తగ్గాయి. జీపు వెనకే మెల్లగా దాటాం. ఖురియాత్ చేరేసరికే మగ్రిబ్ అజాన్ వినిపించింది. ఆ దారిన వెళ్లే తెలుగువాళ్లకు నా మాట ఒక్కటే: కొండ మీద మబ్బు కనిపిస్తే అన్నం వదిలేసైనా ఇవతలికి వచ్చేయండి. ఇక్కడి వాగుకు మన గోదావరి లెక్క పనికిరాదు.

ఘుబ్రా చేరేసరికి ఎనిమిదైంది. గేటు ముందు మేడమ్, పిల్లలు, ముసలి అత్తగారు అందరూ నిలబడి ఉన్నారు. రమణమ్మ నా చెయ్యి వదలలేదు. మేడమ్ గబగబా వచ్చి ఆమె భుజాలు పట్టుకుని ఏదో అడిగింది. మా ఆయన ఊపిరి పీల్చుకుని చెప్పారు: "వాగు ఎంత ఎత్తు వచ్చిందని అడుగుతోంది. ఆ వాగుకు ఎగువనున్న ఊరే వాళ్ల పుట్టిల్లట. రెండేళ్లుగా అక్కడ వాన చుక్క పడలేదట."

రమణమ్మ నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. అందరూ ఇంకా ఆశగా చూస్తుంటే, ఆ చేతిని మెల్లగా భుజం దాకా ఎత్తింది. అత్తగారు కళ్లు తుడుచుకుంది. మేడమ్ రమణమ్మను నడుము చుట్టూ పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

దార్సైట్ వెళుతూ దారిలో మా ఆయన అన్నారు, "భుజం దాకా రాలేదు కదే."

"వచ్చింది, మీరు చూడలేదు" అన్నాను.