ఉప్పు పజిల్ మా అక్కది

నేను వీడియో గేములు తయారుచేసే పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నాను. తుపాకులు పేల్చే ఆటలు కావు. ఒక మనిషి ఊళ్లు తిరుగుతూ, దొరికిన వస్తువులు సంచిలో వేసుకుంటూ, ఎదురైనవాళ్లతో మాట్లాడుతూ చిక్కులు విప్పుకునే సాహస గేములు. ఈ రంగంలో నా పేరు కొద్దిమందికైనా తెలిసిందంటే ఒక్క పజిల్ వల్ల. అది నాది కాదు.

ఆ ఆటలో తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ ఒక అమ్మాయి ఏడు ఊళ్లు తిరుగుతుంది. నాలుగో ఊళ్లో ఒక ముసలమ్మ దారికి అడ్డంగా కూర్చుని ఉప్పు అడుగుతుంది. అమ్మాయి దగ్గర ఉప్పు ఉంటుంది. ఇస్తే ముసలమ్మ మొహం తిప్పుకుంటుంది. ఎన్నిసార్లు ఇచ్చినా అంతే. చేతికివ్వకుండా ఆమె ముందు నేల మీద పెడితేనే తీసుకుని దారి వదులుతుంది.

నాకు తోచింది ముసలమ్మ వరకే. అక్కడ వారం రోజులు ఆగిపోయాను. జహీరాబాద్‌లో మా అక్క బట్టలు కుడుతుంది. చిన్నప్పుడు అల్లం చేన్లలో కూలికి పోయి, అక్కడ ఆడవాళ్లు చెప్పుకున్న పొడుపుకథలన్నీ రాత్రి నాకు వేసేది. నేను పెద్దయి ఈ పనిలో పడ్డాక, ఆదివారం మధ్యాహ్నం ఆమెకు ఫోన్ చేసి ఎక్కడ ఆగానో చెప్పడం అలవాటైంది.

"ముసలమ్మ ఉప్పడుగుతది, పిల్ల ఇస్తది. ఇగ ఆడెటోడికి పనేమున్నదక్కా?" అన్నాను.

"ఉప్పు చేతుల పెడ్తరారా ఎవరన్నా? కొట్లాటలైతయని అమ్మ ఎన్నిసార్లు తిట్టలే? కింద పెట్టమను నీ పిల్లను."

"ఆడెటోళ్లకు గది ఎట్ల తెలుస్తది?"

"దానికి ముందటి ఊళ్లె కిరాణం దుకాణమామె ఉప్పు కింద పెట్టి ఇచ్చినట్టు చూపియ్యి. చూసినోడు దాటుతడు. చూడనోడు ఆడ్నే కూసుంటడు, నీ లెక్క."

ఆమె చెప్పింది చెప్పినట్టు పెట్టాను. ఆట బయటికొచ్చాక అందరూ ఆ పజిల్ గురించే మాట్లాడారు. ఎలా తట్టిందని ఒకరు అడిగితే, బస్సులో ఊరికి పోతుంటే తట్టిందన్నాను. తర్వాత చాలాచోట్ల చెప్పాను. చెప్పేకొద్దీ ఆ బస్సులో నాకు కిటికీ సీటు దొరికింది, బయట వాన మొదలైంది.

అక్క మూడు వారాలు కష్టపడి తన ఫోన్‌లో ఆట మొత్తం ఆడింది. చివరికి మేక దొరికిన రోజు నేను ఆమె పక్కనే ఉన్నాను. ఆటకు పనిచేసినవాళ్ల పేర్లు తెర మీద కదులుతున్నాయి. ఆఫీసులో చాయ్ పెట్టే ఆయన పేరు కూడా ఉంది.

"నా పేరు ఎనకొస్తదా తమ్మీ?"

"కంపెనీ రూలక్కా. బయటోళ్ల పేర్లు ఎయ్యరు."

"గట్లనా," అని, పేర్లు అయిపోయేదాకా చూసి ఫోన్ పక్కన పెట్టింది.

అలాంటి రూలేదీ లేదు. ఆ పేర్లన్నీ రాసింది నేనే. ఆమె పేరు రాసి ఎదురుగా ఉప్పు పజిల్ అని పెడితే ఇక నాకేం మిగులుతుందని భయపడ్డాను.

పోయినేడు వాళ్లింట్లో అన్నం తింటుంటే మేనకోడలు అడిగింది. "మామా, ఆ ఉప్పు ముచ్చట మా అమ్మదేనంట గదా. పేరెయ్యనీకి చెయ్యి రాలేదా?"

"నోర్ముయ్యి," అంది అక్క. "ఆ కంపెనోళ్లే గసొంటోళ్లు. మీ మామేం జేస్తడు?" అంటూ నా పళ్లెంలో ఇంకో గరిటె కూర వేసింది. నేను తల దించుకుని తిన్నాను.

రెండు నెలలు పట్టింది నాకు. మళ్లీ వెళ్లి, ఆమె ఒక్కతే కుట్టుమిషన్ తొక్కుతున్నప్పుడు చెప్పాను. "రూలేం లేదక్కా. ఆ పేర్లు రాసింది నేనే."

ఆమె కాళ్లు ఆగాయి.

"మరి ఇన్నేండ్ల సంది వాళ్లను తిడుతున్న గదరా. ఏ పాపం తెల్వనోళ్లను."

ఆ కంపెనీ మూతపడింది. ఆ ఆట ఇప్పుడు ఏ ఫోన్‌లోనూ దొరకదు. అందులో ఆమె పేరు చేర్చే దారి లేదు. అందుకని, ఇప్పుడు చేస్తున్న కొత్త ఆటలో మొదటి పేరు నీదే వేస్తానన్నాను.

"దాంట్ల నేనేం చెప్పిన?"

"ఏం చెప్పలే."

"మరి నా పేరెందుకు?" అని, జాకెట్టు ముక్కను సూది కిందికి జరుపుకుంది.

ఆదివారాలు ఇప్పటికీ ఫోన్ చేస్తున్నాను. మోకాళ్ల నొప్పి గురించి చెబుతుంది, కూతురి ఉద్యోగం గురించి చెబుతుంది, నేను తిన్నానో లేదో అడుగుతుంది. కొత్త ఆటలో నేను ఎక్కడ ఆగిపోయానో చెబితే మధ్యలో అడ్డురాకుండా చివరిదాకా వింటుంది.

"నువ్వే చూసుకో తమ్మీ," అంటుంది.