రుద్రమ్మ చల్లిన నీళ్లు

రుద్రమ్మంత శుభ్రమైన మనిషి అమీర్‌పేటలో లేదని వాడకట్టంతా ఒప్పుకునేది. కొందరు మెచ్చుకుంటూ, ఎక్కువమంది విసుక్కుంటూ. బస్సులో సీటును కూడా కొంగుతో దులపనిదే కూర్చునేది కాదు. అటువంటి మనిషికి దేవుడిచ్చిన కొలువు దుమ్ము జల్లించడం. ఆయన హాస్యం అట్లాగే ఉంటుంది.

పంజగుట్ట వైపు పోయే సందులో చలపతిరావు కార్ఖానా. కుళాయిలకూ తలుపు గడియలకూ నికెల్ పూత పూసి, మర మీద రుద్ది మెరిపిస్తారు. రుద్దుతుంటే రాలే బూడిదరంగు పొడిని రుద్రమ్మ జల్లెడ పట్టి సంచులకెత్తాలి. దాన్ని కొనేవాళ్లున్నారు కాబట్టి చలపతిరావు దుమ్ము అననిచ్చేవాడు కాదు. 'సరుకు' అనాలి. పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయిన సరుకును మాత్రం ఆయన ఎన్నడూ తిరిగి అడగలేదు. అంతటి ఉదారుడు.

కొన్నేళ్లకు ఆమెకు వేళ్ల సందుల్లో దురద మొదలైంది. తర్వాత రవికకున్న నికెల్ పూత హుక్కు తగిలిన చోటల్లా దద్దు. హుక్కులు పీకేసి దారం ముళ్లు వేసుకుంది. ఆపైన ఆయాసం. కార్ఖానాలో అడుగుపెడితే ఎదలో పిల్లికూతలు, ఆదివారం ఇంట్లో ఉంటే నిశ్శబ్దం. అన్నిటికీ చలపతిరావు దగ్గర ఒకటే మందు: సాయంత్రం తలా ఓ బెల్లం ముక్క. బెల్లంతో పాటు దుమ్ము జారిపోతుందని ఆయన వైద్యశాస్త్రం. ఆ పొడి చేతులతోనే అందరూ తినేవాళ్లు.

రుద్రమ్మ అర్జీలు పెట్టగా పెట్టగా, 1986లో గాలి కొలిచే అధికారి మొహియుద్దీన్ వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన రాతను బట్టే రుద్రమ్మ ఊపిరి సంగతి తేలుతుంది. అంతటి మనిషి వస్తుంటే ఊరుకుంటుందా? పొద్దున్నే వచ్చి మూలమూలా ఊడ్చింది. సంచుల మూతులు కట్టింది. బిందెలకొద్దీ నీళ్లు చల్లి, గడప ముందు ముగ్గు కూడా వేసింది.

మొహియుద్దీన్ గాలి పీల్చే తన చిన్న మిషన్‌ను చలపతిరావు బల్ల మీద పెట్టాడు. గంట తర్వాత తీసి చూస్తే లోపల దుమ్ము పట్టే కాగితం పెళ్లికొడుకు రుమాలులా తెల్లగా ఉంది.

"చూశారా సార్! మా దగ్గరంతా ఊటీ గాలండీ," అన్నాడు చలపతిరావు.

మొహియుద్దీన్ తడి నేల వంక చూశాడు. "నీళ్లెవరు చల్లిండ్రు?"

"నేనే సారు," అంది రుద్రమ్మ గర్వంగా. "పెద్దమనిషి వస్తుండంటే దుమ్ముల కూసోబెడ్తమా?"

"అయ్యో అమ్మా! తడి మీద పొడి లేవది. గిదే రాస్తే నీ దగ్గుకు కార్ఖానాకు సంబంధమే లేదన్నట్టయితది."

ఇన్నేళ్ల కొలువులో రుద్రమ్మ యజమానికి ఇంత మేలు ఎప్పుడూ చేయలేదు.

"జర ఆగు సారు." గబగబా సంచులు విప్పి జల్లెడ లాక్కుంది. "గా మిషన్ నా నడుముకు కట్టు. నా ముక్కు సేటు బల్ల మీద లేదు."

"ఏంటిది రుద్రమ్మా? సార్ టీ చల్లారిపోతోంది!" అన్నాడు చలపతిరావు.

"చల్లారితే మళ్ల కాగవెడ్తరు సేటు. నా పాణం పోతే?"

మొహియుద్దీన్ కొత్త కాగితం పెట్టి మిషన్ కట్టగానే, జల్లెడను రోజూ ఊపినట్టే ఊపింది. రోజూ దగ్గినట్టే దగ్గింది. కాగితం పొయ్యి మీది మసిగుడ్డలా నల్లబడింది. మొహియుద్దీన్ దుమ్ము పడ్డ కళ్లు తుడుచుకుంటూ కలం తీశాడు.

"అర్జీల రాసిన దురద, దద్దులు, గీ దగ్గు చూస్తుంటే ఈమె ఒంటికి నికెల్ పడది. ఒక్కసారి ఒళ్లు ఎదురు తిరిగిందంటే, తర్వాత రవ్వంత తగిలినా చాలు. ఈమెను గీ పనిల పెట్టొద్దు."

చలపతిరావు ముఖం వెలిగిపోయింది. "తప్పకుండా సార్. రేపట్నించి జల్లెడ బుచ్చమ్మకిచ్చేస్తా. గొడవ వదిలింది."

అవతల గడియలు తుడుస్తున్న బుచ్చమ్మ ముంజేయి గోక్కుంటూ తలెత్తింది.

"గట్ల రాయకు సారు," అంది రుద్రమ్మ. "నాకు పడదని రాస్తే నేను ఇంటికి, బుచ్చక్క జల్లెడ కాడికి. మనుషులకే పడదని రాయి. జల్లెడకు మూత, పొడి గుంజే ఫ్యాను, చేతులకు తొడుగులు గావాలని రాయి."

"రాస్త. కానీ సేటు వినకపోతే?"

రుద్రమ్మ జల్లెడను బోర్లించి దాని మీద కూర్చుంది. బుచ్చమ్మ లేచొచ్చి పక్కన చేరింది. మర దగ్గరి ఐలయ్య స్విచ్చి ఆపేశాడు.

"మరి ఇవాళ్టి పనో?" అన్నాడు చలపతిరావు.

"ఫ్యాను బిగించినంక," అంది రుద్రమ్మ.