అవ్వను ఏ ఇంటికి తీసుకుపోవాలి

"ఇగ ఇంటికి తీస్కపోండ్రి" అన్నాడు డాక్టరు. ఏ ఇంటికో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. జనగామలో నేనుండేది రెండు గదుల కిరాయి ఇల్లు. అవ్వను, అంటే మా అమ్మను, అక్కడికే తెచ్చి కిటికీ పక్కన మంచంలో పడుకోబెట్టాను.

ఇల్లు కిరాయికిచ్చిన ఇంటామె చెడ్డ మనిషైతే నాకు సులువయ్యేది, కడుపునిండా తిట్టుకునేదాన్ని. ఆమె రోజూ పొద్దున్నే జావ కాచి తెచ్చేది, అవ్వ కాళ్లకు నూనె రాసేది. అలాంటి మనిషి ఒకరోజు నన్ను మెట్ల దగ్గరికి పిలిచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఏమనుకోకు చెల్లె. వచ్చే నెల మా బిడ్డ లగ్గం. నచ్చత్రం మంచిగ లేనప్పుడు పానం పోతే ఇల్లు పాడువెట్టాలె. గట్లయితే లగ్గం ఎట్ల జేస్తం?"

మా దిక్కు అంతే. చెడ్డ నక్షత్రంలో చావు జరిగిన ఇంటికి తాళం వేసి నెలల తరబడి వదిలేస్తారు. నాకు ఒళ్లు మండింది. కానీ ఎవరి మీద అరవాలి? ఇల్లు ఆమెది. ఊళ్లో మా సొంతిల్లు ఎప్పుడో కూలిపోయింది. రఘునాథపల్లి దగ్గర మేనమామ మాత్రం బావి కాడ బర్లను కట్టేసే కొట్టం ఊడ్చి ఇస్తానన్నాడు. కన్నతల్లిని బర్ల కొట్టంలోకి పంపడానికి నాకు మనసు రాలేదు.

గోడలకు చెవులుంటాయంటారు, మా గోడలు మరీ పలచన. అవ్వ అంతా విన్నది. మర్నాటి నుంచి కళ్లు తెరవగానే ఒకటే ప్రశ్న. "బిడ్డా, ఇయ్యాల నచ్చత్రం మంచిదేనా?"

మంచిదే అంటే కళ్లు మూసుకుని కదలకుండా పడుకునేది. కాదంటే పళ్లు బిగబట్టి నొప్పి ఓర్చుకునేది. నొప్పి బిళ్ల ఇస్తే వద్దని తల తిప్పేది, నిద్రలో పానం పోతుందేమోనని భయం. రెండు రోజులు చూసి, ఇక చూడలేక, మేనమామ కొట్టానికే తీసుకుపోదామని ట్రాలీ ఆటో పిలిచాను.

పరుపు వేసి పడుకోబెట్టాం. ఇంటామె వచ్చి అవ్వ కాళ్లు మొక్కింది. ఆటో కదిలింది.

"గడప దాటినమా?"

"దాటినం అవ్వా."

"రోడ్డు మీదికొచ్చినమా?"

"వచ్చినం."

బిగబట్టిన దవడ మెల్లగా వదిలింది. "ఇగ పోవచ్చు గద, బిడ్డా?"

ఆమె జవాబు కోసం నా మొహంలోకే చూస్తోంది.